చందుర్తి యుద్ధం: సేనల సంఖ్య, సేనల మోహరింపు

యుద్ధచరిత్రను చదివేటప్పుడు మన దృష్టి మొదట అంకెల మీదికి పోతుంది. ఎవరి పక్షాన ఎన్ని వేలమంది? ఎన్ని ఫిరంగులు? ఈ ప్రశ్నలు అవసరమైనవే. కాని సేన ఎంత ఉన్నదనే దానికన్న, అది అదను వచ్చిన వేళ ఎక్కడ నిలిచి ఉన్నదనేది ముఖ్యమని చెప్పే యుద్ధం ఒకటి మన గోదావరి సీమలోనే జరిగినది. పిఠాపురానికి సమీపమున ఉన్న చందుర్తి వద్ద 1758 డిసెంబరులో జరిగిన ఈ పోరాటం ఆంగ్ల గ్రంథాలలో కాండోర్ యుద్ధమనే పేరుతో కనిపిస్తుంది. పలాసీ యుద్ధాన్ని కంఠస్థం చేసే మన విద్యార్థులలో పలువురు దీని పేరైనా వినలేదు.

1753లో సలాబత్ జంగ్ ఫ్రెంచి సేనల జీతభత్యాల నిమిత్తం ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులను సేనాని బుస్సీకి ఇచ్చినాడు. అనగా ఇక్కడి రైతు కట్టిన శిస్తే ఆ సేనకు కూడు. 1758లో లాలీ ఆజ్ఞను అనుసరించి బుస్సీ దక్షిణానికి తరలిపోగా, సర్కారులలో మిగిలిన సేనకు కాన్‌ఫ్లాన్స్ నాయకుడైనాడు. ఫ్రెంచివారిపై అసంతృప్తితో ఉన్న విజయనగర ప్రభువు ఆనంద గజపతిరాజు విశాఖపట్టణాన్ని పట్టుకొని ఆంగ్లేయులను ఆహ్వానించినాడు. క్లైవు బెంగాలు నుండి కర్నల్ ఫోర్డును ఓడలపై పంపినాడు.

ఇక అంకెలు. ఫోర్డు వద్ద ఐరోపీయులు 470 మంది, సిపాయిలు 1,900 మంది, ఫిరంగులు 6. ఆనంద గజపతిరాజు పక్షాన 500 గుర్రపు రౌతులు, 5,000 కాల్బలం. కాన్‌ఫ్లాన్స్ వద్ద ఐరోపీయులు 500, సిపాయిలు 6,000, రౌతులు 500, ఫిరంగులు సుమారు 30. రాజుగారి బలగాన్ని కలిపి కూడితే తక్కెడ దాదాపు సమంగా నిలుస్తుంది. కాని ఆ బలగంలో చాలామందికి సరియైన ఆయుధమే లేదు. యుద్ధవేళ వారు ముందుకు రానూ లేదు. వారిని తీసివేసిన పక్షంలో ఫ్రెంచి సిపాయిలు మూడింతలకు మించి ఉన్నారు. కాగితం మీది లెక్క ఇట్లు మోసగించడం మన దేశానికే పరిమితం కాదు. పూర్వం 6,45,000 మంది ఉండవలసిన రోమను సేన జస్టీనియను చక్రవర్తి నాటికి 1,50,000కు తగ్గినదని అగాథియస్ అనే చరిత్రకారుడు వ్రాసినాడు. ఆ లక్షన్నర కూడా ఇటలీ నుండి పారసీక సరిహద్దు వరకు చెదరి ఉన్నది!

ఉభయ సేనల మోహరింపు ఒకే తీరున ఉన్నది. మధ్య ఐరోపీయులు, ఇరుప్రక్కల సిపాయిలు. ఫ్రెంచి పటాలం వద్ద 13 ఫిరంగులు ఉన్నవి. అయితే ఫోర్డు పటాలం ఎదుట నిలువెత్తు పంట ఉన్నది. దానిని ఆంగ్ల రచయితలు ‘ఇండియన్ కార్న్’ అన్నారు. మన మెట్టపొలాల జొన్నయే కావచ్చునని నా ఊహ. ఆ చేను చాటున ఐరోపీయులు కనబడలేదు. ఎడమ ప్రక్కనున్న సిపాయిలు మాత్రం స్పష్టంగా కనబడినారు. వారు ధరించినవి ఎర్రకోట్లు.

క్లైవు 1757లో బెంగాలులో సిపాయిలకు ఎర్రకోటు తొడిగించినాడు. ఆ పటాలానికి లాల్ పల్టన్ అనే పేరే వచ్చినది. ఫ్రెంచివారు అంతవరకు ఆంగ్లేయుల సిపాయిలను ఎర్రకోట్లలో చూచి ఎరుగరు. ఎరుపు దొరల రంగని తలచి, తమ ఐరోపీయ పటాలాన్నంతటినీ వారిమీదికి మళ్ళించినారు. సిపాయిలు ఆ దెబ్బకు నిలువలేక చెదరినారు. గెలిచితిమనుకొని ఫ్రెంచివారు వరుస తప్పి తరుముతుండగా, చేను చాటు నుండి ఫోర్డు పటాలం బయటికి వచ్చి వారి ప్రక్కమీద తుపాకులు పేల్చినది. ఫ్రెంచి పటాలం తన ఫిరంగుల వద్దకు పరుగెత్తినది. వెంటనే ఆ ఫిరంగులూ పోయినవి. కుడి ప్రక్కన కెప్టెన్ నాక్స్ సిపాయిలు తమకు ఎదురైన సేనను నిలువరించి, పిమ్మట శిబిరంపై జరిగిన దాడిలో కలిసినారు. కాన్‌ఫ్లాన్స్ గుర్రమెక్కి రాజమహేంద్రవరం చేరుకున్నాడు.

దీనిని ఫోర్డు ప్రతిభకు నిదర్శనంగా చెప్పడం పరిపాటి. పొరపాటును అందిపుచ్చుకొనడం ప్రతిభయే, సందేహం లేదు. కాని ఆ విజయానికి మూల్యంగా నిలిచినవారు ఎడమ ప్రక్కన దొరలనుకొనబడి దెబ్బతిన్న సిపాయిలు. ఇరుపక్షాల సిపాయిల పేర్లు మనకు దక్కలేదు. 1,900, 6,000 అనే గుండు సంఖ్యలే దక్కినవి.

విజయానంతరం జీతాల సొమ్ము విషయమై రాజుగారికీ ఫోర్డుకూ కలిగిన తగవుతో సుమారు 50 రోజులు వృథా అయినవి. 1759 మార్చిలో మచిలీపట్నం కోటను ముట్టడించే నాటికి ఫోర్డు ఐరోపీయ సైనికులే జీతాలకై తిరుగబడినారు. మందుగుండు అడుగంటినది. కాన్‌ఫ్లాన్స్ కోటలో కొంత సేనను, వెలుపల కొంత సేనను ఉంచుకొన్నాడు. ఆ రెండూ ఎన్నడూ కలిసి దెబ్బ తీయలేదు. ఏప్రిల్ 7వ తేదీ రాత్రి ఫోర్డు మూడు చోట్ల అలజడి పుట్టించినాడు. నాక్స్ బురదనేల దాటి ఒక ప్రక్క దొంగదాడి చేయగా, ఆనంద గజపతిరాజు మనుషులు సింహద్వారం వైపు కేకలు వేయగా, అసలు దాడి ఈశాన్యపు బురుజుపై జరిగినది. ఏ వైపుకు ఎవరిని పంపవలెనో కాన్‌ఫ్లాన్స్‌కు తోచలేదు. తెల్లవారునప్పటికి లొంగినవారు పట్టుకొన్నవారికన్న ఎక్కువ మంది!

అప్పటికి సలాబత్ జంగ్ పెద్ద సేనతో బెజవాడ ప్రాంతానికి వచ్చి ఉన్నాడు. ఆ సేన ఒక్క తుపాకి పేల్చకుండానే, మే 14న ఆంగ్లేయులతో సంధి కుదిరినది.