మూత్రపిండములు: వడపోత, పునస్సేకరణ, స్రావము

పండుగకు ముందు ఇల్లు శుభ్రపరచుటకు రెండు పద్ధతులు కలవు. మూలమూలలు వెదకి చెత్తను మాత్రము ఏరి పారవేయుట ఒకటి. సామాను సమస్తము వసారాలోనికి చేరవేసి, కావలసినది మరల లోపల సర్దుకొని, మిగిలినది పారబోయుట రెండవది. రెండవదానిలో శ్రమ అధికమని గృహిణులకు తెలియనిది కాదు. అయినను మన మూత్రపిండములు ప్రధానముగా అనుసరించునది ఆ పద్ధతినే.

వెన్నెముకకు ఇరువైపుల పిడికిలి ప్రమాణమున నుండు ఈ అవయవములు రెంటికిని కలిపి నిమిషమునకు ఒక లీటరుకు పైగా రక్తము చేరును. ఒక్కొక్క పిండములో సుమారు 10 లక్షల సూక్ష్మనాళములు కలవు. వీనికి నెఫ్రానులని పేరు. ప్రతి నాళము మొదట గిన్నెవలె నుండును. ఆ గిన్నెలో సన్నని రక్తనాళికల ఉండ యొకటి ఇమిడియుండును. ఈ నిర్మాణమును 1842లో ఆంగ్ల వైద్యుడు విలియం బౌమన్ వివరించెను.

రక్తపు ఒత్తిడిచే నీరు, లవణములు, గ్లూకోజు, యూరియా మొదలగునవి గిన్నెలోనికి వడియును. రక్తకణములును, పెద్దవగు మాంసకృత్తులును వెనుక నిలుచును. ఇచట మంచిచెడుల విచక్షణ లేదు. పట్టునంత చిన్నదైనచో పంచదారయైనను పోవలసినదే. ఇట్లు వడియునది దినమునకు 180 లీటర్లు! ఈ పది నిమిషముల ప్రసంగము ముగియులోపల మీలో ఒకటింబావు లీటరు వడిసియుండును. మన రక్తములోని ప్లాస్మా యంతయు సుమారు 3 లీటర్లే గదా! వడిసినది తిరిగి రాకున్నచో అరగంటలో మన పని ముగిసినట్లే.

కాని అందు నూటికి 99 వంతుల నీటిని నాళములు మరల రక్తమున చేర్చును. గ్లూకోజు పూర్తిగా తిరిగి వచ్చును. యూరియాలో మాత్రము సగము వరకు బయటికి పోవును. ఇది ఊహ కాదు. 1924లో ఫిలడెల్ఫియాలో రిచర్డ్స్, వెర్న్ అను శాస్త్రజ్ఞులు కప్ప మూత్రపిండములోని ఒక గిన్నెలో అతిసూక్ష్మమైన గాజు సూదిని గ్రుచ్చి ద్రవమును తీసిరి. అందు గ్లూకోజు కలదు. అదే కప్ప మూత్రములో లేదు!

అయితే గ్లూకోజును మోయు శక్తికి హద్దు కలదు. 100 మిల్లీలీటర్ల రక్తములో అది సుమారు 180 మిల్లీగ్రాములు మించినచో నాళములు మోయలేక కొంత విడిచిపెట్టును. అది తనతో నీటిని కూడ లాగుకొనిపోవుటచే మధుమేహ రోగికి అతిమూత్రము, దాని వెంట దాహము. చీమలు చేరు మూత్రమును మన ప్రాచీన వైద్యులు గుర్తించిరి, కారణమిది.

ఇక మూడవ పని స్రావము. కొన్ని పదార్థములను నాళముల గోడలే రక్తమునుండి పట్టి లోనికి నెట్టును. అవి వడపోతకై వేచియుండవు. పెనిసిలిన్ అట్టిది. 1941 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డులో ఒక పోలీసు ఉద్యోగికి ఆ మందు నిచ్చిరి. జ్వరము తగ్గెను, ఆకలి పుట్టెను. కాని మందు బహుస్వల్పము; ఇచ్చినదానిని ఇచ్చినట్లే మూత్రపిండములు వెడలగొట్టుచుండెను. వైద్యులు ఆతని మూత్రమునుండియే పెనిసిలిన్‌ను వేరుచేసి మరల ఎక్కించిరి. అయినను అయిదు దినములకే నిలువ అడుగంటెను. మార్చి 15న ఆతడు మరణించెను. ఆ నాళముల ద్వారమును కొంతసేపు మూసియుంచి, పెనిసిలిన్‌ను రక్తమున నిలుపు ప్రొబెనెసిడ్ అను మందు తరువాత దశాబ్దమునకు గాని వాడుకలోనికి రాలేదు.