పాత విద్యార్థుల కబుర్లు

కాలేజీ విడిచి ఏళ్ళూ పూళ్ళూ గడిచాక మళ్ళీ కలుసుకున్నవాళ్ళు అన్ని సంగతులూ మాట్లాడుకుంటారు గాని, పాఠాల గురించి మాత్రం మాట్లాడుకోరు. పాఠాలు చెప్పుకు బతికే నాబోటివాడికి ఇది కాస్త కష్టం కలిగించేదే అయినా, ఉన్నమాట.

2025 సంక్రాంతి సెలవుల్లో, కృష్ణాజిల్లాలో నేను పనిచేస్తున్న కాలేజీకి 1975–78 నాటి బి.ఏ. వారు వచ్చారు. కుర్చీలు వేయించడం, కాఫీలు అందించడం నా వంతు పడింది. ఆ మిషమీద రోజంతా వాళ్ళ మాటలు విన్నాను.

అందరూ అరవై అయిదు దాటినవాళ్ళే. ఒకరినొకరు "ఒరే" అని పిలుచుకుంటూంటే, వెంట వచ్చిన మనవలు తెల్లబోయారు. ముందుగా క్యాంటీను ప్రస్తావన వచ్చింది. పెసరట్టు బాకీ ఎవరెవరు ఎగ్గొట్టిందీ లెక్క తేలింది. తరవాత సినిమాలు. వీళ్ళు చేరే వేళకి, 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. 1977 మార్చి దాకా సమ్మె అన్నమాట వినిపించలేదట. "అందుకేనండీ సినిమాలకి అంత తీరిక చిక్కింది" అన్నాడొకాయన.

1977 సంక్రాంతికి 'దానవీరశూరకర్ణ' వచ్చింది. అందులో కొండవీటి వెంకటకవి గారి సంభాషణలు కుర్రాళ్ళకి కంఠోపాఠం. ఒకనాడు వరండాలో ఒక కుర్రాడు దుర్యోధనుడై విజృంభిస్తూంటే, అప్పటి తెలుగు మేష్టారు విన్నారట. క్లాసులో లేవదీసి, మళ్ళీ చెప్పమన్నారు. వాడు వణుకుతూ మొదలుపెట్టి, ఊపందుకుని, చివరిదాకా చెప్పాడు. మేష్టారు కోప్పడలేదు. తిక్కనగారి ఉద్యోగపర్వం చేతికిచ్చి, "ఇది కూడా అదే గొంతుతో చదువు" అన్నారు. ఆ కుర్రాడు విద్యుచ్ఛక్తి శాఖలో పనిచేసి రిటైరయ్యారు. మా అందరి ముందూ రాయబారం పద్యం ఎత్తుకుని, మూడో పాదంలో ఆగిపోతే నేను అందించాను. ఇది పాఠం కింద జమో, సినిమా కింద జమో మీరే చెప్పండి!

ఈ కబుర్లన్నిటిలోనూ ఆడపిల్లలు లేరు. ఆ క్లాసులో పద్నాలుగురుండేవారు. వచ్చింది ముగ్గురు. ఆ రోజుల్లో ఆడపిల్లలు లేడీస్ రూములో కూర్చుని, లెక్చరరు గారి వెనకాలే క్లాసులోకి వచ్చి, ఆయన వెనకాలే వెళ్ళిపోయేవారు. మూడేళ్ళు చదివినా క్యాంటీను లోపల ఎలా ఉంటుందో ఎరగరు. ఇక పెసరట్టు కబుర్లలో వాళ్ళకి చోటెక్కడిది?

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరో ఉప్పెన మాట ఎత్తారు. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమలో సముద్రం ఊళ్ళమీదికి వచ్చింది. పోయినవారు పదివేలకు పైమాటే. అప్పుడు వీళ్ళు ఆఖరి సంవత్సరంలో ఉన్నారు. మగపిల్లలు కొందరు నాగాయలంక, కోడూరు వైపు వెళ్ళి, ముక్కులకు గుడ్డలు కట్టుకుని శవాలు మోశారు. పొద్దుటినుంచి నవ్వించినాయన, "నెల్లాళ్ళు అన్నం సయించలేదురా" అని ఊరుకున్నారు. తక్కినవాళ్ళు కూడా ఏమీ అడగలేదు.

అందరూ లేచి వెళ్ళాక, ఆ ముగ్గురిలో ఒకావిడ నా దగ్గరికి వచ్చారు.

"మేష్టారూ, నవ్వనంటే ఒకమాట చెబుతాను. ఆ ఉప్పెనప్పుడు పాతబట్టలూ బియ్యమూ పోగుచేశాం. ఆడపిల్లలమంతా రాత్రి తొమ్మిదింటిదాకా ఈ హాల్లోనే కూర్చుని చీరలు వేరుగా, పిల్లల బట్టలు వేరుగా మూటలు కట్టాం. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. మగపిల్లలతో మొదటిసారి మాట్లాడింది అప్పుడే. అదీ 'తాడు ఇలా ఇయ్యండి' అని! కాలేజీ అంటే నాకు ఆ వారం రోజులే. అంతమంది చచ్చిపోతే నాకు సంతోషంగా ఉందని ఎవరికి చెప్పుకోను? మావారికి కూడా చెప్పలేదు."

నాకు నవ్వు రాలేదు. ఏమనాలో కూడా తోచలేదు. "ఆ బట్టలు కట్టుకున్నవాళ్ళు ఉన్నారు కదమ్మా" అన్నాను.

మిగతా పదకొండుమంది సంగతి అప్పుడే తెలిసింది. మగవాళ్ళ జాడ వాట్సాపులో వారంరోజుల్లో దొరికింది. ఆడవాళ్ళ విషయంలో మాత్రం, కాలేజీ రిజిస్టరులో ఉన్నవన్నీ పుట్టింటి పేర్లూ, తండ్రుల చిరునామాలూ. పెళ్ళితో ఇంటిపేరు మారింది, ఊరు మారింది. పూర్వ విద్యార్థుల సంఘంవారు ఉత్తరాలు వేశారు గాని, పోయిన తండ్రుల పేరిట వేశారు. ఇలా వేస్తే ఎవరికి అందుతాయండీ?

ఆ పదకొండు పేర్లూ కాగితం మీద రాసి ఆవిడకిచ్చాను. ఫలానా ఊరు, ఫలానావారి చెల్లెలు అంటూ ఆవిడ పాతకాలపు పద్ధతిలోనే ఆరా తీశారు. ఉగాదినాటికి ఇద్దరి ఆచూకీ తెలిసిందని ఫోను చేశారు. ఒకామె నెల్లూరులో ఉన్నారు. రెండో ఆమె పోయి పదేళ్ళయిందట. ఆమె కూతురు ఫోనులో, "మా అమ్మ బి.ఏ. చదివిందా? మాకెప్పుడూ చెప్పలేదే!" అన్నదట.

ఆ అమ్మాయికి పంపడానికి 1978 నాటి గ్రూపు ఫోటో కోసం ఇప్పుడు కాలేజీ బీరువాలన్నీ వెతుకుతున్నాను.