తోడుకు కూడ రాయితీ

సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో, మేధో వైకల్యం గలవారి కొరకు 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ ఉన్నది. దూరపు ఊరినుండి పదునాలుగేళ్ళ బాలుని అచ్చటికి రైలులో తీసుకొని రావలెననుకొందాం. అతడు ఒంటరిగా ప్రయాణం చేయలేడు. తల్లియో తండ్రియో వెంట రావలసినదే. కాబట్టి కొనవలసినది ఒక టికెట్టు కాదు, రెండు.

రైల్వేవారు ఈ సంగతిని లెక్కలోకి తీసుకొన్నారు. తోడు లేనిదే ప్రయాణించలేని మేధో వైకల్యులకు రెండవ తరగతిలోను, స్లీపరులోను మూల ఛార్జీలో నూటికి 75 వంతులు తగ్గిస్తారు. వెంట వచ్చే ఒకరికి కూడ అంతే. ఇందుకు ప్రభుత్వ వైద్యుని ధ్రువపత్రం కావలెను. మూల ఛార్జీ 400 రూపాయలైతే చెరి 100 చొప్పున ఇద్దరికీ 200. అనగా ఒకరి ఛార్జీలో సగానికే ఇద్దరు వస్తారన్నమాట! 2020 మార్చిలో వృద్ధుల రాయితీని నిలిపివేసినారు గాని, దీనిని ఉంచినారు.

అయితే ఛార్జీ తగ్గినందున మెట్లు తగ్గవు కదా. ఈ పిల్లలలో నడక రానివారు కూడ కొందరుంటారు. చక్రాల కుర్చీ ఎక్కే వాలు, మన దేశపు ప్రమాణం ప్రకారం, 1కి 12ను మించరాదు: ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల వాలు. బాలుడు, కుర్చీ కలిసి 60 కిలోలైతే, రాపిడిని విడిచిపెట్టి చూస్తే, సుమారు 5 కిలోల బరువునెత్తే బలం చాలును. చోటు చాలదని మేస్త్రీ వాలును 6 అడుగులకు కుదించినాడా, అది 10 కిలోలవుతుంది. తోడు వచ్చిన తల్లే దానిని తోయవలె.