నెట్ ఆగితే కరెంటు స్తంభాన్ని తిట్టకండి

అపోహ: నెట్ కేబుల్‌ను కరెంటు తీగల పక్కనే లాగారు, అందుకే సిగ్నల్ పాడవుతోంది.

కర్నూలు, కడప వీధుల్లో నెట్ ఆగినప్పుడల్లా వినిపించే మాట ఇది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కేబుళ్లు చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే వచ్చాయి. నిజమే. కానీ వాటిలో నడిచేది వెలుతురు. గాజుపోగులో పోయే వెలుతురును హైటెన్షన్ తీగ ఏమీ చేయలేదు.

ఈ అనుమానం పాత టీవీ కేబుల్ కాలంనాటిది. ఆ రాగి కేబుల్లో పిన్ను వదులైతే బయటి రేడియో తరంగాలు లోపలికి దూరతాయి. అలాంటి కేబుల్ మీద నెట్ నడిచేచోట ఒక్క ఇంటి వదులు పిన్ను వీధికంతా చేటు. ఇళ్లన్నిటి నుంచి ఆపరేటర్ దగ్గరికి పోయే దారి ఒకటే కాబట్టి ఆ రొద అందరి సిగ్నల్‌లోనూ కలుస్తుంది.

అపోహ: వానొస్తే నెట్ పోతుంది.

వాన చినుకులు అడ్డుపడేది మిద్దె మీది డీటీహెచ్ గొడుగుకు. ఫైబర్‌కు ఆ బెడద లేదు. గాలికి కేబుల్ తెగడం, ఆపరేటర్ దగ్గర కరెంటు పోవడం వేరే సంగతి.

అపోహ: ఫోన్లో వైఫై గీతలు నిండుగా ఉంటే నెట్ బాగున్నట్టే.

ఆ గీతలు ఫోనుకూ రౌటర్‌కూ మధ్య సంగతే చెబుతాయి. అయితే ఎక్కువ ఇళ్లలో తంటా అక్కడే. మందపాటి రాతిగోడల పాత మిద్దె, ముందుగదిలో ఇనుప బీరువా, దాని వెనక రౌటర్. ఇక వంటింట్లో నెట్ ఎట్లా వస్తుంది? ప్లాన్ పెంచితే బిల్లు పెరుగుతుందంతే. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ వేగమైనదే గానీ గోడ దాటడంలో బలహీనం. 2.4 దాటుతుంది, కానీ అందులో ఒకదానితో ఒకటి కలవని చానళ్లు 1, 6, 11 మాత్రమే. పక్కిళ్ల రౌటర్లు, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే తోసుకుంటాయి.

ల్యాప్‌టాప్‌ను ల్యాన్ వైరుతో నేరుగా ఫైబర్ వచ్చి చేరే పెట్టెకు కలిపి చూడండి. వేగం బాగుంటే తప్పు వైఫైది. లేకుంటే ఆపరేటర్‌ను పిలవాల్సిందే. పెట్టె మీద ‘లాస్’ దీపం ఎర్రగా వెలిగితే వెలుతురు అందడం లేదని అర్థం. తలుపు సందులో నలిగిన ఫైబర్ వైరు, మేకు చుట్టూ బిగించిన వైరు మామూలు కారణాలు. పిన్ను పీకి కంటితో మాత్రం చూడొద్దు. ఆ కాంతి కనిపించదు గానీ కంటికి హాని చేయగలదు. వచ్చినాయన వెలుతురు కొలిచే మీటరు పెడితే డీబీఎం అంకె అడగండి. మామూలు ఇంటి పెట్టెకు మైనస్ 20 హాయి, మైనస్ 27 దాకా వచ్చిందంటే అంచున ఉన్నట్టు. అప్పుడు పిన్ను తుడిపించి, మళ్లీ కొలవమనండి.