పత్తి కట్టెలోనూ ఇంధనం ఉంది
వేడిని కోరే సూక్ష్మజీవులతో కొత్త మార్గం

నరసరావుపేట: పత్తి తీతలు, మిరప కోతలు ముగిశాక పల్నాడు చేలల్లో మిగిలే కట్టెను కొంత వంటచెరకుకు వాడుకుని, మిగతాది కుప్పవేసి తగలబెట్టడం చాలా ఊళ్ళలో మామూలే. ఆ కట్టె నుంచి గ్యాసు, ఆల్కహాలు తీయవచ్చునని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అందుకు తోడ్పడేవి వేడిలో బతికే సూక్ష్మజీవులు.

ఇవి మన రైతులకు కొత్తవి కావు. చలికాలం పొద్దున్నే పెంటకుప్పను పారతో కదిపితే ఆవిరి లేస్తుంది. తడి ఆరని గడ్డితో వామి వేస్తే లోపల చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. అందులో వీటి పాలు ఉంది.

వీటిలో పేరుపొందినది క్లాస్ట్రీడియం థెర్మోసెల్లం. 1926లోనే దీనిని గుర్తించారు. గాలి సోకని చోట, 60 డిగ్రీల వేడిలో ఇది మొక్కల పీచును చక్కెరగా విడగొట్టి, ఆ చక్కెరను తానే ఆల్కహాలుగా మారుస్తుంది. పీచును పట్టి కోసే దాని ఎంజైముల అమరికను 1983లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు వివరించారు.

గోబర్ గ్యాసు తొట్టిని కూడా 55 డిగ్రీల వేడిలో ఉంచితే పేడ, చెత్త త్వరగా మురుగుతాయి. కలుపు గింజలు, రోగక్రిములు బాగా చస్తాయి. అయితే ఆ వేడి నిలపడానికి ఖర్చవుతుంది గనుక ఇది ఇంటి తొట్టికి గాక పెద్ద ప్లాంట్లకే తగును.

చిక్కులూ ఉన్నాయి. పత్తి కట్టె గట్టిది. ముక్కలు కొట్టి, ఆవిరిలో మగ్గబెట్టనిదే క్రిములకు లొంగదు. పైగా ఆల్కహాలు పెరిగితే దానిని తయారుచేసే క్రిమే తట్టుకోలేదు. అందుకే 2022 ఆగస్టు 10న హర్యానాలోని పానిపట్టులో ప్రారంభమైన వరిగడ్డి ఇథనాలు కర్మాగారం ఎంజైములు, ఈస్టు మీద ఆధారపడింది.

మన పొరుగున అప్పటి ప్రకాశం జిల్లా దివాకరపల్లిలో నేపియర్ గడ్డితో గ్యాసు తీసే రిలయన్స్ ప్లాంటుకు 2025 ఏప్రిల్ 2న శంకుస్థాపన జరిగింది. ఇటువంటివి మన వైపు వస్తే రైతు ముందుగా అడగవలసినవి కొన్ని ఉన్నాయి. కట్టె తేలిక, బండి మాత్రం నిండిపోతుంది. కిరాయి ఎవరు భరిస్తారు? తూకం ఎక్కడ? గ్యాసు తీశాక మిగిలే ఎరువు చేనికి తిరిగి వస్తుందా? పశువుల మేతకు పనికివచ్చే చొప్ప, గడ్డి మాత్రం అమ్ముకోరాదు.

కొనేవారు వచ్చినా రాకున్నా పత్తి కట్టెను చేలో నిలవ ఉంచకండి. గులాబీరంగు పురుగు అందులోనే దాగి మరుసటి పంటకు ఎదురుచూస్తుంది.