తనంతట తానే శుభ్రపడే తుపాకీ!

1965లో వియత్నాంలో పోరాడుతున్న అమెరికన్ సైనికుల చేతికి పెద్ద ఎత్తున కొత్త రైఫిల్ అందసాగింది. పేరు ఎం16. చెక్కకు బదులు ప్లాస్టిక్, చాలాచోట్ల ఉక్కుకు బదులు అల్యూమినియం. బరువు సుమారు మూడు కిలోలే. పాత ఎం14 మోసి భుజాలు కాయలు కాసినవాళ్లకు ప్రాణం లేచొచ్చింది. రైఫిల్‌తో పాటే ఓ పుకారూ దిగింది: దీన్ని తుడవాల్సిన పనే లేదట! సరఫరా వాళ్లూ దాన్ని నమ్మినట్టే నడుచుకున్నారు. శుభ్రం చేసే కడ్డీలు, బ్రష్షులు చాలా దళాలకు చేరనేలేదు.

నిజానికి తుడుపు ఎక్కువగా అడిగే తుపాకీ అది. దాని రూపకర్త యూజీన్ స్టోనర్ 1950లలో ఆర్మలైట్ సంస్థలో పనిచేసేవాడు. తూటా పేలినప్పుడు పుట్టే వాయువు చాలా రైఫిళ్లలో ఒక పిస్టన్‌ను నెడుతుంది, ఆ పిస్టన్ బోల్ట్‌ను వెనక్కి తోస్తుంది. స్టోనర్ ఆ పిస్టన్ కడ్డీని తీసేశాడు. సన్నని గొట్టం గుండా వాయువును నేరుగా బోల్ట్ ఉండే చోటికే పంపాడు. బరువు తగ్గింది, గురి నిలకడ పెరిగింది. కాకపోతే మసి కూడా అదే దారిన వచ్చి పడుతుంది, వంటింటి పొగను దేవుడి గదిలోకి మళ్లించినట్టు.

అంతవరకైతే కష్టం మీద నెట్టుకురావచ్చు. ఆపైన సైన్యం మందుగుండు మార్చింది. స్టోనర్ లెక్కలు డ్యూపాంట్ తయారుచేసిన పొడి మీద ఆధారపడినవి. 1964 నుంచి దాని స్థానంలో ‘బాల్ పౌడర్’ వచ్చింది. దాంతో రైఫిల్ పేలే వేగం హద్దు మీరింది, మసీ పెరిగింది. పొడిలో కలిపే కాల్షియం కార్బొనేట్ సన్నని గొట్టంలో పేరుకునేది.

అసలు దెబ్బ తూటా కూర్చునే చాంబర్‌లో తగిలింది. పేలగానే ఇత్తడి తొడుగు ఉబ్బి చాంబర్ గోడకు అదుముకుంటుంది, ఒత్తిడి తగ్గగానే ముడుచుకుని జారుతుంది. గోడ నున్నగా ఉంటేనే ఈ పని సాగుతుంది. వియత్నాం తేమకు ఉక్కు తుప్పుపట్టి గుంటలు పడింది. తొడుగు ఆ గుంటల్లో చిక్కుకుంటే, తొందరపడిన బోల్ట్ దాని అంచును చీల్చుకుని ఒట్టి చేతులతో వెనక్కి వచ్చేది. అప్పుడు బారెల్ మూతి నుంచి కడ్డీ దూర్చి తొడుగును పొడిచి తీయాలి, అదీ ఎదుట తూటాలు కురుస్తుండగా. ఆ కడ్డీ కూడా అందరి దగ్గరా లేదు.

క్రోమియం పూత వేస్తే తుప్పు ఆగుతుందని రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులు అమెరికన్ సైన్యానికి నేర్పాయి. ఎం14కు ఆ పూత ఉంది కూడా. ఎం16కు మాత్రం వేయలేదు. తెలియక చేసిన తప్పు అనడానికి వీల్లేదు.

సైనికులు ఇళ్లకు రాసిన ఉత్తరాలు పత్రికలకెక్కాయి. 1967లో రిచర్డ్ ఐకార్డ్ అధ్యక్షతన కాంగ్రెస్ ఉపసంఘం విచారణ జరిపి, సైన్యం తీరును నేరపూరిత నిర్లక్ష్యానికి దగ్గరగా ఉందని తప్పుపట్టింది. చాంబర్‌కు క్రోమియం పూత వచ్చింది, బ్రష్షులూ నూనే వచ్చాయి. 1968లో ప్రసిద్ధ చిత్రకారుడు విల్ ఐస్నర్ 32 పేజీల బొమ్మల పుస్తకం గీశాడు. ఎక్కడ నూనె రాయాలో, ఎక్కడ రాయకూడదో, చాంబర్‌ను ఎలా తోమాలో అందులో కులుకులాడి ఒకతె పాఠం చెబుతుంది. ఆ వేషం ఇప్పుడు ఎబ్బెట్టుగా తోస్తుంది గానీ పాఠంలో లోపం లేదు.

ఇంతకీ తుపాకీని తుడవాలన్న ఈ జ్ఞానం కొత్తదేమీ కాదు. మన పోలీసుల చేతుల్లో దశాబ్దాలు తిరిగిన పాయింట్ 303 లీ-ఎన్‌ఫీల్డ్ మడమలో చిన్న అర ఉండేది. మూత తీస్తే పుల్‌త్రూ తాడు, నూనె సీసా. ఎన్‌సీసీలో రైఫిల్ పట్టినవాళ్లకు ఆ తాడుకు ‘చిందీ’ గుడ్డ కట్టి బారెల్‌లోంచి లాగడం గుర్తుండే ఉంటుంది. మొదట వచ్చిన ఎం16 మడమలో అలాంటి చోటే లేదు. తర్వాత తయారైనవాటికి చిన్న తలుపు పెట్టి, లోపల కడ్డీ, బ్రష్షు పట్టేలా అర కల్పించారు.