మీకు తెలుసా? రోగి పక్కన కూర్చునేవాళ్ల చేతుల్లోనే సగం వైద్యం

మానుకోటలోనైనా, జనగామలోనైనా నర్సింగ్ హోములో ఒకరిని చేర్పిస్తే వెంట ఇద్దరు ముగ్గురు బంధువులుంటారు. తినిపించేది, బట్టలు మార్చేది, మూత్రం సంచి ఖాళీ చేసేది చాలాసార్లు వాళ్లే. అందుకే నర్సులకు నేర్పే ఈ సంగతులు వాళ్లకూ తెలియాలి.

• ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం పేద, మధ్యాదాయ దేశాల్లో ఆస్పత్రిలో చేరిన ప్రతి 100 మందిలో 15 మందికి అక్కడే కొత్త ఇన్ఫెక్షన్ అంటుకుంటోంది. సంపన్న దేశాల్లో ఆ సంఖ్య 7.

• 1847 ఏప్రిల్‌లో వియన్నాలోని ఒక ప్రసూతి వార్డులో నూటికి 18 మంది బాలింతలు చనిపోయారు. శవపరీక్ష గది నుంచి వచ్చే డాక్టర్లు క్లోరిన్ నీళ్లతో చేతులు కడగాల్సిందేనని సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు పట్టుబట్టాడు. జూన్ నాటికి మరణాలు నూటికి 2కు తగ్గాయి.

• శానిటైజర్‌తో 20–30 సెకన్లు, సబ్బుతో మొత్తం 40–60 సెకన్లు చేతులు శుభ్రం చేసుకోవాలి. రోగికి విరేచనాలవుతుంటే మాత్రం సబ్బే వాడాలి. క్లాస్ట్రీడియం డిఫిసిల్ అనే బ్యాక్టీరియా బీజాలు ఆల్కహాల్‌కు చావవు, తోమి కడిగితే కొట్టుకుపోతాయి.

• గ్లౌజులు వేసుకున్నా చేతులు కడగాల్సిందే. కంటికి కనిపించని చిల్లులుండొచ్చు, తీసేటప్పుడు చేతికి మురికి అంటొచ్చు. ఒకరికి వాడినవి మరొకరికి వాడకూడదు.

• మూత్రం సంచి ఎప్పుడూ రోగి నడుము కంటే కిందే వేలాడాలి, కానీ నేలకు తగలకూడదు. పైకెత్తితే సంచిలోని మూత్రం వెనక్కి పోయి ఇన్ఫెక్షన్ తెస్తుంది.

• ముసలివాళ్లకు ఇన్ఫెక్షన్ వచ్చినా ఒక్కోసారి జ్వరం రాదు. ఉన్నట్టుండి తికమకగా మాట్లాడినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, తిండి మానేసినా వెంటనే సిస్టర్‌కు చెప్పాలి.

• 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూది, కట్టుగుడ్డలు పసుపు సంచిలోకి, సెలైన్ పైపులు ఎర్ర సంచిలోకి, సూదులు తెల్ల డబ్బాలోకి, గాజు సీసాలు నీలం డబ్బాలోకి వెళ్లాలి. రక్తం అంటిన వ్యర్థాలను 48 గంటలకు మించి నిల్వ ఉంచకూడదు. మన అరటితొక్కలు, టిఫిన్ పొట్లాలు ఈ సంచుల్లో, డబ్బాల్లో వేయకూడదు.

• మానుకోటలో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ఎంబీబీఎస్ విద్యార్థులకు ఇన్ఫెక్షన్ జాగ్రత్తలు, వ్యర్థాలను వేరుచేయడం ఫౌండేషన్ కోర్సులోనే నేర్పుతారు.

• ఏటా మే 5 ప్రపంచ చేతుల పరిశుభ్రత దినం. రోగిని ముట్టుకునే ముందు “చేతులు కడుక్కున్నారా సార్?” అని డాక్టరును అడగడం అమర్యాద కాదు, రోగి హక్కు. అడిగేవాళ్లు ముందు తమ చేతులు కడుక్కుని ఉండాలి మరి!